వెలికొండల అంచున గుర్రంపై పది రోజులు: సాధన మొదలుకొని తిరిగి ఇల్లు చేరేదాకా

నెల్లూరు జిల్లా కలిగిరి నుంచి వింజమూరు మీదుగా పడమటికి వెళ్తుంటే దుత్తలూరు చేరకముందే వెలికొండలు కనిపించడం మొదలవుతుంది. బస్సులో వెళ్ళేవారికి అదొక నీలపు గీత. గుర్రం మీద వెళ్ళేవారికి మాత్రం ఆ గీత రోజుకు కొంచెం చొప్పున దగ్గరకు వచ్చి, బండలుగా, కోనలుగా, కలివి పొదలుగా విడిపోతుంది. ఆ మార్పును చూడాలనే కోరికే నన్ను ఈ ప్రయాణాల్లోకి దింపింది.

గుర్రపు ప్రయాణమనగానే అందరూ స్వారీనే ఊహించుకుంటారు. నిజానికి రోజులో జీను మీద ఉండేది నాలుగైదు గంటలే. మిగిలిన సమయమంతా నీళ్ళు వెతకడానికి, వీపు తుడవడానికి, గిట్టలు శుభ్రం చేయడానికి, ఉలవలు నానబెట్టడానికి పోతుంది. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అనే సామెతను ఖర్చు గురించి చెబుతారు. నేను దాన్ని రోజువారీ పని గురించి చెప్పినట్టుగానే తీసుకుంటాను. మనకు ఓపిక ఉన్నా లేకపోయినా దాని పనులు దానికి జరగాలి. గుర్రం వీపు, గిట్టలు, కడుపు చెప్పినట్టు మన రోజు నడవాలి. కింద రాసినదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఎప్పుడు బయలుదేరాలి

సంక్రాంతి పండుగ ముగిసిన తరువాతి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలకు ప్రధాన వర్షాలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, తుపానులు కూడా ఆ నెలల్లోనే వస్తాయి. అప్పుడు వాగులు దాటడం ప్రమాదం. జనవరి వచ్చేసరికి నేల గట్టిపడుతుంది, చెరువుల్లో నీళ్ళు ఇంకా ఉంటాయి, గట్ల మీద గడ్డి పూర్తిగా ఎండదు. మార్చిలో ఎండ ముదురుతుంది, అడవిలో కార్చిచ్చు భయం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతంలో గుర్రంతో దూరం వెళ్ళాలనే ఆలోచనే పెట్టుకోవద్దు.

బరువు మోసే, బండి లాగే జంతువుల విషయంలో 1965 నాటి కేంద్ర నిబంధనలు ఒక హద్దు గీశాయి. రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలే చేయించకూడదు. ఈ హద్దుకు చాలా ఇవతలే మన ప్రయాణం ఆగాలి.

ఎలాంటి గుర్రం

ఏడేళ్ళకు తక్కువ, పన్నెండేళ్ళకు ఎక్కువ కానిది మేలు. అయిదేళ్ళు నిండేసరికి పాలపళ్ళన్నీ ఊడి పక్కా పళ్ళు వస్తాయి కాబట్టి నోరు చూసి వయసు అంచనా వేయగలిగినవారిని వెంట తీసుకువెళ్ళండి. మార్వాడీ, కాఠియావాడీ జాతి గుర్రాలు అందంగా ఉంటాయి, ఎండకు తట్టుకుంటాయి. అయితే మా బండనేలలకు నాకు నచ్చేది పొట్టిగా, గట్టి గిట్టలతో ఉండే నాటు గుర్రమే. పొట్టి గుర్రానికి తిండి తక్కువ పడుతుంది. ఎక్కడం, దిగడం కూడా తేలిక. రోజుకు పదిసార్లు దిగి ఎక్కే ప్రయాణంలో అది చిన్న విషయం కాదు.

పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రాలు అమ్మకానికి దొరుకుతుంటాయి. బ్యాండు మేళం, టపాసులు, జనం వాటికి అలవాటు కనుక రోడ్డు మీద బెదరవు. కానీ చాలావాటికి రోజుకు రెండు కిలోమీటర్లకు మించి నడిచిన అలవాటు ఉండదు, గిట్టలు పెరిగిపోయి ఉంటాయి. కొంటే ఆరు నెలల తరువాతే ప్రయాణానికి తీయండి.

బరువు లెక్క ముఖ్యం. మనిషి, జీను, సంచులు అన్నీ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదు. నాటు గుర్రం 300 నుంచి 350 కిలోలు తూగుతుందనుకుంటే మొత్తం 60 నుంచి 70 కిలోలు. జీనే ఎనిమిది, పది కిలోలు ఉంటుంది. అంటే 70 కిలోల మనిషి ఈ గుర్రానికి బరువే. అలాంటివారు పెద్ద గుర్రాన్ని ఎంచుకోవాలి. సామాను గుర్రం మీద పెట్టకుండా ముందుగా ఊళ్ళకు పంపుకోవాలి.

పది వారాల సాధన

గుర్రం గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లో పనికి అలవాటు పడతాయి. స్నాయువులకు, ఎముకలకు నెలలు పడుతుంది. అందుకే మూడో వారానికి గుర్రం హుషారుగా కనిపించినా నమ్మకూడదు. మొదటి మూడు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట, నడక మాత్రమే. నాలుగో వారం నుంచి రెండు గంటలు చేసి, మెత్తని నేల మీద కొద్దిసేపు చిన్న పరుగు కలపండి. ఏడో వారం నుంచి గుట్టలు ఎక్కించండి. తొమ్మిదో వారంలో వరుసగా రెండు రోజులు 20 కిలోమీటర్ల చొప్పున నడిపించి, మూడో రోజు ఉదయం కాళ్ళు తడిమి చూడండి. వాపు గానీ వేడి గానీ ఉంటే ప్రయాణం వాయిదా వేయాల్సిందే. పదో వారం పని తగ్గించి విశ్రాంతినివ్వండి.

ఈ వారాల్లోనే నాడి చూడడం నేర్చుకోండి. కింది దవడ ఎముక లోపలి అంచున వేళ్ళు పెడితే రక్తనాళం దొరుకుతుంది. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. పని ఆపిన అరగంటలో 60 లోపుకు దిగిరాకపోతే ఆ రోజు దాని శక్తికి మించి నడిపించారన్నమాట. శరీర ఉష్ణోగ్రత 99 నుంచి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. మీ గుర్రం సహజ అంకెలను రోజూ ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే, దారిలో తేడా వచ్చిన రోజు వెంటనే పట్టుకోగలరు.

సాధనలో చాలామంది మరిచిపోయేది ఒకటుంది. గుర్రాన్ని ఎడమ వైపు నుంచి పట్టుకుని నడిపించడం అందరికీ అలవాటు. మన రోడ్ల మీద ఎడమ అంచున వెళ్ళాలి కనుక, దిగి నడిచేటప్పుడు మనం గుర్రానికి కుడివైపున ఉంటేనే వాహనాలకూ గుర్రానికీ మధ్య ఉంటాం. అది బెదిరి పక్కకు దూకినా రోడ్డు మధ్యలోకి పోదు. కాబట్టి కుడివైపు నుంచి నడవడం ఇంటి దగ్గరే నేర్పండి.

జీను

ప్రయాణం మధ్యలో ఆగిపోయిన గుర్రాల్లో ఎక్కువ వాటిని ఆపేది జీను పుండే. నా మొదటి ప్రయాణం మూడో రోజునే ముగిసింది. అరువు తెచ్చిన జీను చూడడానికి బాగానే ఉంది, మెత్తగానే ఉంది. కానీ ముందు భాగం వెడల్పు చాలక మూపు మీద ఒరుసుకుంది. మొదటి సాయంత్రం రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు చెదిరి కనిపించాయి. ఏమీ కాదులే అనుకున్నాను. రెండో సాయంత్రానికి అక్కడ వాచింది. మూడో రోజు ఉదయం చేయి వేస్తే గుర్రం వీపు కుంగదీసి పక్కకు జరిగింది. జీను దించి దాన్ని ఒక లారీకి ఎక్కించి, నేను గుర్రం పక్కన నడుస్తూ రెండు రోజులకు ఇల్లు చేరాను. ఆ పుండు మాని వెంట్రుకలు తెల్లగా మొలవడానికి నెలలు పట్టింది. ఆ తెల్ల మచ్చ ఇప్పటికీ ఉంది.

జీను సరిపోయిందో లేదో ఇలా చూడండి. కింద వస్త్రం లేకుండా జీనును వీపు మీద పెట్టి, మనిషి ఎక్కి కూర్చున్నాక మూపు ఎముకకూ జీనుకూ మధ్య రెండు, మూడు వేళ్ళు దూరాలి. వెనక నుంచి చూస్తే వెన్నెముక పొడవునా వెలుతురు కనిపించాలి. బరువంతా వెన్నుకు రెండు పక్కలా ఉన్న కండ మీద సమానంగా పడాలి. భుజం ఎముక వెనక జీను అంచు గుచ్చుకోకూడదు. తరువాత గంటసేపు స్వారీ చేసి జీను దించండి. వీపు మీద చెమట సమానంగా ఉంటే మంచిది. చుట్టూ తడిగా ఉండి మధ్యలో ఒకచోట పొడి మచ్చ ఉంటే, అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమట కూడా రావడం లేదని అర్థం. పుండు అక్కడే పుడుతుంది.

జీను కింద ఉన్ని వస్త్రమే వేయాలి. చెమట పీలుస్తుంది, ముడతలు పడదు. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు కాబట్టి మన దగ్గర మంద ఎంత ఉన్నా గొంగడి మాత్రం దక్కనీ గొర్రెలున్న రాయలసీమ, తెలంగాణ వైపు నుంచే తెచ్చుకోవాలి. ఒక మంచి గొంగడిని నాలుగు మడతలు వేస్తే ఏ కొత్త రకం మెత్తకూ తీసిపోదు. ఇంకో మేలు ఏమిటంటే, వీపు మీద ఎక్కడైనా వాపు వస్తే, మరుసటి రోజు ఆ చోటు చుట్టూ మడత మార్చి ఒత్తిడి తప్పించవచ్చు. రాత్రికి దాన్నే మీరు కప్పుకోవచ్చు.

పొట్ట కింద పట్టీని ఒకేసారి బిగించకండి. మొదట వదులుగా కట్టి, పది అడుగులు నడిపించి, మళ్ళీ బిగించండి. ముంగాళ్ళను ఒక్కొక్కటిగా ముందుకు లాగితే పట్టీ కింద నలిగిన చర్మం సర్దుకుంటుంది. ఎక్కేటప్పుడు బండో, కల్వర్టు గోడో, చప్టానో చూసుకుని ఎక్కండి. నేల మీది నుంచి ఎక్కితే జీను ఒక పక్కకు లాగి వెన్ను మెలిపడుతుంది.

గిట్టలు, లాడాలు

గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు వారాలకొకసారి చెక్కించి లాడాలు మార్పించాలి. మన ఊళ్ళలో ఎద్దులకు నాడాలు కొట్టేవారు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. అయితే ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, దానికి రెండు ముక్కల నాడా. గుర్రానిది ఒకే గిట్ట, గుండ్రటి లాడం, మేకు కొట్టే కోణం వేరు. ఎద్దుల పనిలో ఎంత నేర్పున్నవారికైనా గుర్రం గిట్ట అప్పగించకండి. మేకు లోపలి సున్నితమైన భాగాన్ని తాకితే గుర్రం కుంటుతుంది.

లాడాలు బయలుదేరే ముందు రోజు కొట్టించవద్దు. వారం ముందు కొట్టిస్తే, ఏదైనా మేకు ఒత్తుతుంటే ఆ వారంలోనే బయటపడుతుంది. దారిలో లాడం వదులైతే మేకుల వంచిన కొనలు కత్తిరించి దాన్ని తీసివేయడం మీరు నేర్చుకుని ఉండాలి. ఒక రబ్బరు గిట్టతొడుగు సంచిలో ఉంచుకుంటే లాడం కొట్టేవారి దగ్గరికి చేరేదాకా అది ఆదుకుంటుంది.

గిట్టలు గీకే కొక్కెం నడుముకు కట్టుకుని ఉండండి. ఆగిన ప్రతిసారీ నాలుగు గిట్టలూ ఎత్తి చూడండి. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు, గులకరాళ్ళు దొరుకుతూనే ఉంటాయి. ముల్లు లోతుగా దిగి ఉంటే తీయకముందే అది ఎక్కడ, ఏ వాలున దిగిందో గుర్తుపెట్టుకోండి. తీశాక రంధ్రం మూసుకుపోతుంది, పశువైద్యుడికి అది చూపించాలి.

కాగితాలు, టీకాలు

ధనుర్వాతం టీకా వేయించకుండా గుర్రాన్ని ఊరి పొలిమేర దాటించకండి. గుర్రానికి ఆ జబ్బు ఎంత తేలికగా వస్తుందో, నయం చేయడం అంత కష్టం. పిచ్చికుక్క కాటు టీకా కూడా వేయించండి. గ్లాండర్స్ అనే అంటువ్యాధి గుర్రం నుంచి మనిషికీ సోకుతుంది. దానికి రక్తపరీక్ష చేయించి, ప్రభుత్వ పశువైద్యుడి దగ్గర ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోండి. కొత్త ఊళ్ళో ఎవరైనా అడిగినప్పుడు ఆ కాగితం మీ మాట కన్నా గట్టిగా పనిచేస్తుంది.

అడవి విషయంలో మొహమాటం వద్దు. వెలికొండల్లో చాలా భాగం రిజర్వు అడవి. దక్షిణాన పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. పైగా ఇవి ఎర్రచందనం కొండలు. చీకటి పడ్డాక అడవి దారిలో సంచులతో కనిపించే కొత్త మనిషిని అటవీ సిబ్బంది ఆపి ప్రశ్నిస్తారు, అలా ఆపడమే వారి పని. నేను ఎప్పుడూ కొండ అంచు ఊళ్ళను కలిపే దారులనే పట్టుకుంటాను. అడవి ముక్క దాటాల్సి వస్తే అటవీ కార్యాలయం నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకుని, పట్టపగలే దాటుతాను.

దారి

మొదటిసారి వెళ్ళేవారికి నేను చెప్పే దారి ఇది: కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి, సీతారామపురం, అక్కడి నుంచి ఘటిక సిద్ధేశ్వరం, ఆపైన జిల్లా పొలిమేర దాటి ఉమ్మడి ప్రకాశం వైపున భైరవకోన. రోజుకు 20 నుంచి 25 కిలోమీటర్ల చొప్పున, మధ్యలో ఒకటి రెండు విశ్రాంతి రోజులతో పోయి రావడానికి పది రోజులు పెట్టుకోండి. ప్రధాన రహదారిని దిక్కు కోసమే వాడండి. నడక మాత్రం దానికి అటూ ఇటూ ఉన్న డొంకల్లో, చెరువు కట్టల మీద, పొలాల బండిబాటల్లో సాగాలి. ఫోనులోని పటం ఈ బాటల్లో సగం చూపించదు. గొర్రెల కాపరులను అడగండి. ‘బండి పోతుందా’ అని అడిగితే మోటారు సైకిలు గురించి చెబుతారు. ‘గొడ్లు పోతాయా, మధ్యలో నీళ్ళున్నాయా’ అని అడగాలి.

ఉదయగిరిలో ఒక రోజంతా ఆగండి. కొండ సుమారు 3,000 అడుగుల ఎత్తు. గజపతుల చేతిలోని ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. గుర్రాన్ని కింద నీడలో, నమ్మకమైన మనిషి దగ్గర వదిలి మీరు కాలినడకన ఎక్కండి. ఆ మెట్లు, బండలు గుర్రానికి పనికిరావు. పైగా అది దానికి విశ్రాంతి రోజు. భైరవకోనలో ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం ఉన్నాయి. ఆదివారం, పండుగ రోజు కాకుండా వెళ్ళండి. జనం, కోతులు, బస్సుల మధ్య గుర్రాన్ని కట్టేయడం నరకం.

రోజు ఎలా గడవాలి

తెల్లవారుజామున 5 గంటలకు లేచి ముందు దాని మేత, తరువాత మీ టీ. మేతకూ జీనుకూ మధ్య కనీసం గంట ఉండాలి. ఆరున్నరకు బయలుదేరి పదిన్నర దాకా నడక. పదిన్నర నుంచి మూడు దాకా చింతచెట్టో మర్రిచెట్టో చూసుకుని జీను దించి విశ్రాంతి. మూడు నుంచి అయిదు, అయిదున్నర దాకా రెండో విడత. చీకటి పడేలోపు గుర్రం మేత ముందు నిలబడి ఉండాలి.

మొదటి పదిహేను నిమిషాలు, చివరి పదిహేను నిమిషాలు మీరు దిగి నడవండి. మధ్యలో గంటకు పది నిమిషాలు నడవండి. దిగుడు ఎక్కడ వచ్చినా దిగండి. దిగుడులో బరువంతా గుర్రం ముంగాళ్ళ మీద, జీను అంతా మూపు మీద పడుతుంది. ఎక్కుడులో కాస్త ముందుకు వంగి పగ్గాలు వదులు చేయండి, దాని అడుగు అది చూసుకుంటుంది. గుర్రం నడక గంటకు ఆరు కిలోమీటర్లు. ఆ వేగంతోనే రోజూ 25 కిలోమీటర్లు హాయిగా గడుస్తాయి. పరుగు అవసరం రాదు. నాలుగు రోజులకొక పూర్తి విశ్రాంతి రోజు ఇవ్వండి.

నీళ్ళు, మేత

చల్లని రోజుల్లో కూడా పనిచేసే గుర్రం 25 నుంచి 45 లీటర్లు తాగుతుంది. ఎండలో ఇంకా ఎక్కువ. ఊళ్ళలో పశువుల నీటి తొట్లు ఉంటాయి, కనిపించిన ప్రతిచోటా ఆగండి. చెరువులోకి దింపేటప్పుడు పశువులు దిగే రేవునే దింపండి. మిగతా చోట్ల నల్లబురదలో మోకాలి దాకా దిగబడితే లాగడం చాలా కష్టం. పురుగుమందు కొట్టిన పొలాల పక్క గుంటల నీళ్ళు తాగనివ్వకండి.

కొన్ని గుర్రాలు కొత్త ఊరి నీళ్ళు వాసన చూసి వదిలేస్తాయి. మన మెట్ట ప్రాంతాల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మరీ. బయలుదేరే రెండు వారాల ముందు నుంచి ఇంటి దగ్గర బకెట్టు నీళ్ళలో కొంచెం బెల్లం కలపడం అలవాటు చేయండి. దారిలో అదే బెల్లం కలిపితే ఏ ఊరి నీళ్ళైనా ఇంటి నీళ్ళే అనుకుంటుంది. రోజుకు 30 గ్రాముల ఉప్పు, బాగా చెమట పట్టిన రోజు దానికి రెట్టింపు దాణాలో కలపండి. మెడ దగ్గర చర్మం రెండు వేళ్ళతో లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మడత అలాగే నిలబడితే ఒంట్లో నీళ్ళు తగ్గాయని అర్థం.

మేతలో గడ్డిదే పెద్ద పాలు. ఎండుగడ్డి లెక్కన గుర్రం బరువులో నూటికి రెండు వంతులు, అంటే 300 కిలోల గుర్రానికి రోజుకు 6 కిలోలు కావాలి. దాని మీద రెండు కిలోల దాకా ఉలవలు, రాత్రంతా నానబెట్టి లేదా గుగ్గిళ్ళుగా ఉడికించి, రెండు మూడు విడతలుగా పెట్టండి. తవుడు గుప్పెడు చాలు. ఎక్కువ పెడితే ఒంట్లో కాల్షియం తగ్గి ఎముకలు చెడతాయి. ఉలవల మూటలను ముందే ఆర్టీసీ కార్గోలో ఉదయగిరికి పంపుకుంటే గుర్రం మీద రెండు రోజుల దాణాకు మించి మోయక్కర్లేదు.

మేత ఒక్కసారిగా మార్చడం గుర్రానికి ప్రమాదం. ఇంటి దగ్గర వరిగడ్డి తెలియని గుర్రానికి దారిలో కడుపునిండా అదే వేస్తే పేగులో గట్టిపడి శూల, అంటే తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది. దారిలో దొరికేవేమిటో ముందే తెలుసుకుని, రెండు వారాల ముందు నుంచి కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. రైతులు ప్రేమతో వేరుశనగ కట్టె తెచ్చి వేస్తారు. మంచి మేతే, కానీ బూజు వాసన వస్తే గుర్రానికి వేయకండి. లేత జొన్న, కోసిన తరువాత వచ్చిన జొన్న పిలకలు దగ్గరికి పోనివ్వవద్దు. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం విషాలు.

ఇక పొగాకు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కలిగిరి చుట్టుపక్కల ఆకు కోతలు, క్యూరింగు సాగుతుంటాయి. బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే కొట్ల) దగ్గర నీడ, మనుషులు, మాటలు అన్నీ ఉంటాయి కాబట్టి అక్కడే కట్టేద్దామనిపిస్తుంది. పొగాకు గుర్రానికి విషం, పచ్చిదైనా ఎండినదైనా. మెడ చాచినా ఆకు అందనంత దూరంలో కట్టండి.

ఊళ్ళు, రోడ్లు

కంది కట్టెలు, ధాన్యం రోడ్ల మీద ఆరబోసి ఉంటాయి. దిగి, పక్క నుంచి నడిపించండి. అది ఒక కుటుంబం ఏడాది కష్టం. కుక్కలు వెంటపడితే పరుగెత్తించకండి, ఆగి గుర్రం ముఖాన్ని వాటి వైపు తిప్పండి. చాలాసార్లు అవి అక్కడే ఆగిపోతాయి. పట్టా కట్టిన లారీ ఎదురొస్తే ముందే పక్కకు తీసి, గుర్రానికి లారీ కనిపించేలా నిలపండి.

అన్నిటికన్నా నాకు భయం అడవిపందుల కోసం పొలాల చుట్టూ లాగే కరెంటు తీగలంటే. చట్టవిరుద్ధమైనా కొండ అంచు ఊళ్ళలో ఇంకా పెడుతున్నారు. వాటికి మనుషులూ పశువులూ బలి అవుతున్నారు. చీకట్లో పొలాలకు అడ్డం పడి నడవడం పూర్తిగా మానేయండి. తెల్లవారాక కూడా తెలియని చేలోకి అడుగుపెట్టే ముందు రైతును అడగండి.

రాత్రి బస

పొద్దు గుంకడానికి గంట ముందే ఊరు చేరి, ముందు మీరు ఒక్కరే నడిచి వెళ్ళి అడగండి. ‘అన్నా, ఈ రాత్రికి మీ కళ్ళంలో గుర్రాన్ని కట్టుకోవచ్చా? తెల్లారేసరికి పేడ ఎత్తేసి వెళ్తాను’ అంటే కాదన్న ఇల్లు నాకు తగలలేదు. ఇంట్లో పెద్దవారెవరో వారినే అడగాలి, అమ్మను ‘అమ్మా’ అని పిలిచి నీళ్ళ సంగతి అడగాలి. గడ్డికి డబ్బు ఇస్తే కొందరు తీసుకోరు. అప్పుడు పిల్లలను గుర్రం మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పమని అడుగుతారు. గుర్రం అలసి ఉందని చెప్పి, సాయంత్రం పట్టుకుని నిలబెట్టి ఫోటోలు తీసుకోనివ్వండి. స్వారీ మాత్రం ఒప్పుకోకండి.

ముందరి కాళ్ళకు బంధం వేయడం గుర్రానికి ఇంటి దగ్గరే నేర్పి ఉండాలి. కొత్తగా వేస్తే భయపడి పడిపోతుంది. కట్టే ముడి ఒక్క లాగుకు ఊడేలా ఉండాలి. తాడు ఛాతీ ఎత్తున, తల దించి నేల మీది మేత తినగలిగేంత పొడవు మాత్రమే. ఎక్కువ వదిలితే కాలు చిక్కుకుంటుంది. కట్టే చోటును టార్చితో ఒకసారి చూడండి. పుల్లలు, రాళ్ళ కుప్పలు తొలగించండి, తేళ్ళూ రక్తపింజరులూ అక్కడే ఉంటాయి. కొండకు మరీ దగ్గరైతే చిరుత, ఎలుగుబంటి సంగతి ఊరివాళ్ళను అడిగి, గోడ ఉన్న దొడ్లోనే కట్టండి.

జబ్బు చేస్తే

గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో చేరిన చెడు కిందికి పోవాల్సిందే. అందుకే శూల దాని ప్రాణాల మీదికి తెస్తుంది. డొక్క వైపు తిరిగి చూడడం, ముంగాలితో నేల గీకడం, పడుకుని లేవడం, పొర్లడం, పేడ వేయకపోవడం గుర్తులు. వెంటనే మేత తీసేయండి, నెమ్మదిగా నడిపించండి, 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని అడగండి. సాయానికి వచ్చినవారు పశువులకు పోసినట్టు గొట్టంతో నూనో కషాయమో పోద్దామంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ ఒప్పుకోకండి. గుర్రానికి అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

వానల తరువాత జోరీగలు ఎక్కువ. వాటి కాటుతో సర్రా అనే రక్తజబ్బు వస్తుంది. విడిచి విడిచి జ్వరం, పొట్ట కింద, కాళ్ళకు నీరు చేరడం, తింటున్నా చిక్కిపోవడం దాని పద్ధతి. మీరు రాసుకుంటున్న ఉష్ణోగ్రత పుస్తకం ఇక్కడే పనికొస్తుంది.

తిరిగి వచ్చాక

చివరి రోజు ఇంటి వాసన తగిలి గుర్రం తొందరపడుతుంది. ఆ రోజే మీరు దిగి ఎక్కువసేపు నడవండి, ఆఖరి కిలోమీటరు జీను పట్టీ కాస్త వదులు చేసి పక్కన నడిచి రండి. వీపంతా అరచేతితో ఒత్తుతూ చూడండి, కాళ్ళు నీళ్ళతో కడిగి కీళ్ళ దగ్గర వేడి చూడండి. దాణా సగానికి తగ్గించి గడ్డి పెంచండి. పని మానిన గుర్రానికి పాత దాణానే పెడితే కండరాలు పట్టేస్తాయి. రెండు వారాలు జీను చూపించకుండా పగలంతా మేతకు వదలండి, ఆరు వారాలు నిండి ఉంటే లాడాలు తీయించి గిట్టలు చెక్కించండి. నెల తిరిగేలోపు ఎప్పుడు జ్వరం కనిపించినా సర్రాకు రక్తం చూడమని పశువైద్యుడిని అడగండి. గొంగడిని ఉతికి, ఎండలో ఆరవేసి, మడతల్లో అంటుకున్న పల్లేరు కాయలను ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టండి.